పద్నాలుగు రోజుల తాళం

పన్నెండేళ్లుగా ఒక మాట నాలోనే ఉండిపోయింది. "గంతేనా?" అన్న మాట. అది మా అత్తది. అత్త పోయి నెల దాటింది. ఇంట్లో చెప్పలేను, కనుక మీకు చెబుతున్నాను.

అత్త అంటే నాన్న చెల్లెలు. అమీర్‌పేటలో మాతోనే ఉండేది. పంజాగుట్టలో ఒక బట్టల దుకాణంలో ఆల్టరేషన్లు కుట్టేది. నా స్కూలూ అటే. పొద్దున అందరికంటే చివర మేమిద్దరం బయలుదేరేవాళ్లం. తాళం ఆమే వేసేది. వేశాక లాగి చూసేది. మళ్లీ లాగేది. మైత్రీవనం బస్టాపు దాకా నడిచి, ఆగి, వెనక్కి వెళ్లి ఇంకోసారి లాగేది.

"జర ఆగు చెల్లె, ఎర్రగడ్డ బస్సొస్తది, ఎక్కిస్త" అనేవాడు నాన్న. ఎర్రగడ్డలో ఉన్నది మానసిక వైద్యశాల. మా ఇంట్లో మనసుకు వైద్యం అంటే ఆ జోకు ఒక్కటే. అందరం నవ్వేవాళ్లం. అత్త కూడా.

పన్నెండో తరగతిలో నేను సైకాలజీ తీసుకున్నాను. ప్రాక్టికల్ కోసం ఒక మనిషిని గమనించి రాయాలి. ముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి, చివర మనం గమనించింది వాళ్లకు వివరించాలి. నేను అత్తను ఎంచుకున్నాను. అనుమతి కాగితం ఇంగ్లీషులో ఉంది. ఏదో స్కూలు కాగితమని చెప్పాను. తెలుగులో సంతకం పెట్టింది.

పద్నాలుగు రోజుల పరిశీలన. మొదటి రోజు తొమ్మిదిసార్లు లాగింది. సోమవారం పదిహేను. వాన పడిన రోజు నాలుగే. ఎందుకు? గొడుగు ఉండి చెయ్యి ఖాళీ లేకనా? ఇంట్లో గొడవైన మర్నాడు పెరుగుతుందా? ఆమె మీద ప్రేమ లేక కాదు. కానీ ఆ రోజుల్లో అత్త కంటే అత్త అంకెలే నాకు ఎక్కువ ఆసక్తిగా ఉండేవి.

పదో రోజు సాయంత్రం చదువుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది. ఆ అంకెలు రాసుకున్న ఫైలు మీద మోచెయ్యి పెట్టాను.

"ఏం సదువుతున్నవ్ అల్లుడా?"

"సైకాలజీ అత్తా. మనసు గురించి."

"అబ్బో, డాక్టర్ సాబ్! మరి నాకేమైందో చెప్పు." నవ్వుతూనే అంది. తర్వాత గొంతు తగ్గించింది. "తాళం పడ్డదని చేతికి ఎరుకే. నాకే ఎరుక అయితలేదు."

ఆ మాటంత సూటిగా నా పుస్తకంలో కూడా లేదు. అయితే ఆ బాధకు అందులో ఒక పేరుంది. చికిత్స ఉందని కూడా రాసి ఉంది. ఆ వాక్యం కింద నేనే పెన్సిల్‌తో గీత గీశాను.

"ఏం లేదత్తా. నీకు జర జాగ్రత్త ఎక్కువ, గంతే."

"గంతేనా?" కాసేపు నా మొహం చూసింది. "నువ్వు సుత ఎర్రగడ్డ అంటవేమో అనుకున్న."

లేచి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆమెను భయపెట్టడం ఇష్టంలేక అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. ఇంకా నాలుగు రోజుల పరిశీలన మిగిలి ఉంది. గమనిస్తున్నారని తెలిస్తే మనిషి మారిపోతాడు, అంకెలు పాడవుతాయి. అది కూడా పుస్తకంలోనే చదివాను.

ఫైలు స్కూల్లో ఇచ్చేశాక ఆ అడ్డు కూడా లేదు. అప్పుడెందుకు చెప్పలేదు? చెబితే సంతకం సంగతి కూడా చెప్పాలి. వచ్చే వారం చెబుదామనుకున్నాను. కాలేజీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. రోజూ ఆలస్యమవుతోందని దుకాణంవాళ్లు అత్తను మానిపించారు. తర్వాత ఆమె గడప దాటడమే తగ్గించింది. తాళం వేసే పనే లేకుండా పోయింది. "మంచిగైంది చూడు" అన్నాడు నాన్న. నేను అక్కడే ఉన్నాను.

గుండెపోటుతో పోయింది. తాళానికీ దానికీ సంబంధం లేదు, తెలుసు. కానీ ఆ "గంతేనా"లో ఉన్నది ఊరటా, నిరాశా? ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంది. ఇదీ ఆ పాత కుతూహలమేనా?

మొన్న ఫైలు వెతికి తీశాను. చివరి పేజీలో, గమనించిన విషయాలు ఆ వ్యక్తికి వివరించాను అని నా చేతిరాతలో, ఇంగ్లీషులో ఉంది. పక్కన టీచర్ ఎర్ర సిరాతో పెట్టిన టిక్కు.

వివరించలేదు. ఆమె అడిగింది. నాకు తెలుసు. చెప్పలేదు.