పిడికిట్లో నిమ్మకాయ

మొన్న ఆదివారం వాషింగ్టన్ దగ్గరి హెర్న్‌డన్‌లో మా అబ్బాయి, కొత్తగా కొన్న కరెంటు కారులో నన్నూ మావారినీ షికారు తిప్పుతూ, ఫ్రీవే మీదికి ఎక్కే పెద్ద వంపు దగ్గర కూడా వేగం తగ్గించకపోయేసరికి, అలవాటు కొద్దీ నా చెయ్యి హ్యాండ్‌బ్యాగులో నిమ్మకాయ కోసం తడుముకుంది. ఘాట్‌రోడ్డు బస్సుల్లో నిమ్మకాయ వాసన చూస్తూ కొండలెక్కిన నా ఈడువాళ్లకు అదెందుకో వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆ కారు ఒరగనూ లేదు, కుదపనూ లేదు. వంపు తిరిగామన్న సంగతే నా ఒంటికి తెలియలేదు.

డెబ్భైల చివర్లో పెళ్లయి నేను అమెరికా వచ్చేనాటికి, మావారు వర్జీనియా కొండల్లో ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం చేస్తూ, ఒక పాత మజిల్ కారును ప్రాణంగా చూసుకునేవారు. రెండే తలుపులు, మంచమంత బానెట్టు, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను. తిన్నటి రోడ్డు మీద దాని పరుగు చూస్తే నాకే గర్వంగా ఉండేది. మలుపు వచ్చిందంటే మాత్రం పడవలా ఒక పక్కకు ఒరిగి, ఆ ఊగు సర్దుకునేలోపే రెండో పక్కకు వాలేది. తెలుగు మాట చెవిన పడాలంటే శనివారం నాడు కొండ దాటి, వాషింగ్టన్ వైపు ఒక అక్కయ్యగారి బేస్‌మెంటులో నాలుగు కుటుంబాలు కలిసే చోటికి వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ దారిలో కారు ఆపించి వాంతులు చేసుకోవడం, అక్కడ చాప మీద పడుకుని అందరి కబుర్లూ కళ్లు మూసుకుని వినడం. చివరికి రానని మొండికేశాను. వారమంతా మనిషి అలికిడి లేని ఇంట్లో, ఆ ఒక్క శనివారం కూడా లేకపోతే నాకు పిచ్చెక్కుతుందని ఇద్దరికీ తెలుసు.

కారు అమ్మేస్తానన్నారు. ఆ మాట అన్నప్పటి ఆయన మొహం చూశాక నేనే వద్దన్నాను.

ఇక అక్కణ్ణుంచి సాయంత్రం ఆఫీసు నుంచి రావడం, చొక్కా మార్చుకోవడం, గరాజులో కారు కిందకి దూరడం. ముందు స్ప్రింగులు, వెనక లారీల కింద ఉండే కమాను కట్టల్లాంటివి, షాక్ అబ్జార్బర్లు అన్నీ గట్టివి తెప్పించి మార్చారు. కారు ఒరగకుండా ముందున్న రెండు చక్రాలనూ కలిపి పట్టే ఇనుప కడ్డీని కూడా తీసేసి, మరింత లావుపాటిది బిగించారు. అంతా అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొండదారిలో తిప్పి, "ఎలా ఉందోయ్?" అని అడిగారు.

"మలుపులు బాగున్నాయండీ. తిన్నటి రోడ్డే బాలేదు. ప్రతి గతుకూ నడుముకి తగులుతోంది."

ఇంత చాకిరీకి ఇదా మెచ్చుకోలు అని ఇంకొకరైతే చిందులు తొక్కేవారే. ఆయన మాత్రం కారు పక్కకి ఆపి, స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ కాసేపు ఆలోచించి, "అయితే ఆ లావుపాటి బార్ ఉంచేసి స్ప్రింగులు సాఫ్ట్ చేద్దాం. బార్‌కి మలుపులోనే పని, స్ట్రెయిట్ రోడ్డు మీద దాని జోలి మనకుండదు" అన్నారు. మళ్లీ అంతా విప్పారు. బిగించాక నన్ను కళ్లు మూసుకోమని, ఏ పక్క దిగింది, ఎక్కడ కుదిపింది అని అడుగుతూ, నేను చెప్పినదాన్ని బట్టి సర్దుకుంటూ వచ్చారు. పుస్తకాల్లో రాసినదానికన్నా నా కడుపులో తిప్పడాన్నే ఎక్కువ నమ్మిన మనిషి! ఆ రోజుల్లో పెళ్లాం మాట అంత శ్రద్ధగా విన్న మగవాణ్ణి ఇంకొకర్ని చూశానంటే అబద్ధమే.

ఆ తర్వాతి శనివారం నిమ్మకాయ పిడికిట్లో బిగించుకునే బయలుదేరాను. మలుపు మీద మలుపు వస్తున్నా కారు రోడ్డును పట్టుకుని తిరుగుతూ ఉంటే, ఏవో కబుర్లలో పడి, అక్కయ్యగారింటి ముందు దిగాక గాని నిమ్మకాయ వాసనే చూడలేదని గమనించుకోలేదు. ఆవిడ ఆ కాయ అందుకుని పులిహోరలో పిండేశారు. ఆ రోజు నేనే అందరికీ వడ్డించాను, ఇంటికొచ్చేసరికి మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది.

ఆ కారు ఎప్పుడో చేతులు మారిపోయింది. ఇప్పటి కార్లు రోడ్డు సంగతి వాటంతటవే తెలుసుకుని సర్దుకుంటాయి, ఎవరినీ ఏమీ అడగవు. మంచిదే, మా కోడలికి నిమ్మకాయతో పనిలేదు. కానీ మొన్న ఆ వంపు దాటగానే, ముందు సీట్లో ఉన్న మావారు మెడ వెనక్కి తిప్పి, ఇన్నేళ్లకి మళ్లీ "ఎలా ఉందోయ్?" అని అడిగారు. గబుక్కున కళ్లు మూసుకున్నాను. చాలాసేపు వెతికాను గానీ, ఆయనకు చెప్పడానికి నా ఒంటికి ఏమీ తగల్లేదు.