మైనం పడితేనే మంచినీళ్లు

గుంతకల్లు రైల్వే ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడిది బెళుగుప్ప మండలం. వాళ్ల ఊళ్లో గుల్జార్ అనే ఆమె వాననీళ్లను ఎండతోనే కాచి ఇంటిల్లిపాదికీ తాగిస్తోందని చెబితే, అయితే అన్నం కూడా ఎండలోనే ఉడకేయమని చెప్పు అని ఎగతాళి చేశాను. పోయి చూసొచ్చి మాట్లాడమన్నాడు. ఆ పంతం మీదే ఒక ఆదివారం పొద్దున ఏడింటి బస్సెక్కాను.

ఉరవకొండలో బస్సు మారితే బెళుగుప్ప. రెండు టికెట్లూ కలిపి నూరు దాటలేదు. అక్కణ్ణుంచి ఊళ్లోకి షేర్ ఆటో ముప్పై రూపాయలు. నా నీళ్ల సీసా ఉరవకొండలోనే ఖాళీ అయింది. మన సీమలో ఎవరి గడప తొక్కినా ముందు నీళ్ల చెంబే కదా అని ఇంకోటి కొనలేదు. గుల్జార్ ఇంటికనగానే ఆటో అతను నవ్వి, "టైం చూసుకొని పోతాండావా అన్నా?" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

పదకొండుకి చేరాను. మిద్దె మీద వాలుగా పెట్టిన చెక్కపెట్టె, పైన అద్దం, లోపల నల్లరంగు పూసిన నీళ్ల డబ్బా, వేడి పోకుండా చుట్టూ వేరుశనగ పొట్టు. వడ్రంగి పని చేసే ఆమె భర్త చేశాడట. ఊరి బోర్లలో ఫ్లోరైడు నీళ్లు కాబట్టి, మిద్దె మీద పడే వానను తొట్టిలో పట్టుకుంటారు. అందులోని క్రిములు ఈ పెట్టె వేడికి చస్తాయి. డబ్బాలో పైనుంచి కనిపించేలా ఒక గాజు గొట్టం, దాని పైకొనలో మైనం ముక్క. నీళ్లు చాలినంత వేడెక్కితేనే మైనం కరిగి అడుగుకు జారుతుంది. నా ఎగతాళి అక్కడే సగం చచ్చింది.

గొంతెండి మంచినీళ్లడిగాను. గుల్జార్ తల వంచుకుంది. నిన్నంతా మబ్బని, కాగిన నీళ్లు పొద్దున్నే అయిపోయాయని చెప్పి టీ పెట్టింది. టీ ఎలాగూ మరుగుతుంది, తాగే నీళ్లన్నీ గ్యాసు మీద కాచడం మాత్రం తమ వల్ల కాదట. రెండు టీలు తాగాను, దాహం తీరితేనా. పక్కింటి అవ్వ ఊరుకోలేదు.

"ఏమ్మే, ఇంటికొచ్చినాయప్పకు గుక్కెడు నీళ్లియ్యవా?"

"మైనం పడల్ల అవ్వా. ఆ పొద్దు మరిదొస్తే సిగ్గుపడి ముందే ఇచ్చినా. చెంబులో మిగిలింది పాప తాగింది."

పాప ఆమె ఆరేళ్ల కూతురు. వాంతులు, విరేచనాలతో వారం రోజులు అనంతపురం ఆస్పత్రిలో చావుబతుకుల మధ్య ఉందట. ఇప్పుడు మిద్దె మీద నా పక్కనే కూర్చుని, నాకంటే ఓపిగ్గా గొట్టం వైపు చూస్తోంది.

రెండింటికి మబ్బు అడ్డమొచ్చింది. ఈ రోజూ పడకపోతే ఎలాగని గుల్జార్ మిద్దె ఎక్కుతూ దిగుతూనే ఉంది. రెండున్నర దాటాక మైనం జారింది. ఆమె వచ్చి తన కళ్లతో చూసుకుని, నీళ్లు వంపి, టీ ఆర్చినట్టు రెండు గ్లాసుల్లో తిరగబోసి నా చేతికిచ్చింది.

"తాగన్నా. ఇంతసేపు నోరెండబెట్టినా. మనసులో పెట్టుకోవద్దు."

గోరువెచ్చటి నీళ్లు, రుచేమీ లేదు. గ్లాసు పట్టుకుంటే నాకే సిగ్గేసింది.

ఆ పెట్టె ఎవరైనా చేసుకోవచ్చని తిరుగు బస్సులో అనుకున్నాను. ఇంటికొచ్చిన మనిషి దాహంతో అడుగుతుంటే మూడున్నర గంటలు లేదనడం మాత్రం అందరి వల్లా కాదు. నేనైతే పది నిమిషాల్లోనే తొట్టిలో చెంబు ముంచి ఇచ్చేసేవాణ్ణి. మీరు వెళ్లేటట్టయితే ఎండ బాగా కాసే రోజున మైనం తొందరగా పడుతుంది, పదింటికల్లా చేరండి, రెండు సీసాల నీళ్లు వెంట పెట్టుకోండి. మైనం పడేలోపు ఆమెను నీళ్లు అడక్కండి. లేదని చెప్పడానికి ఆమె ఎంత కష్టపడుతుందో నేను చూశాను.