కంచె వెనక ఒకరు, బెంచీ పక్కన ఒకరు

ఊళ్ళో ఫొటోలు తీసేవాళ్ళంతా ఆమెను పిల్లి అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె నవ్వుతుంది. పెళ్ళివారింట్లో రోజంతా తిరిగినా ఆమె అక్కడున్నట్టు ఎవరికీ గుర్తుండదు. కళ్ళు తుడుచుకుంటున్న తల్లికి జానెడు దూరంలో నిలబడి ఫొటో తీసినా ఆ తల్లి తల తిప్పదు. వయసు నలభై ఆరు. చెప్పులు కుట్టే దుకాణం మీద రెండు గదులు: ముందు గది స్టూడియో, వెనక గదిలో తనూ, పిన్నీ.

"దాగుడుమూతల్లో దీన్ని వెతకలేక మధ్యలో అన్నాలు తినొచ్చేవాళ్ళం," అని పిన్ని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఒక శుక్రవారం కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే యువకుడు వచ్చాడు. అతను ప్రేమించిన అమ్మాయి చిన్నపిల్లల బడిలో టీచరట. ఆదివారం నాలుగింటికి పార్కులో, గులాబీల మధ్య రాతి బెంచీ దగ్గర మోకాలి మీద కూర్చుని, ఉంగరం చూపించి, పెళ్ళి చేసుకుంటావా అని అడుగుతాడట.

"తనకి ముందే తెలియకూడదు మేడమ్. అడగ్గానే మొహంలో ఆశ్చర్యం వస్తుంది చూడండి, నాకది కావాలి."

"నేనక్కడున్నట్టు మీకే తెలియదు. ఇక ఆ అమ్మాయికేం తెలుస్తుంది?" అంది పిల్లి.

ఆదివారం మూడింటికే వెళ్ళి మొక్కల కంచె వెనక కూర్చుంది. మట్టిరంగు చొక్కా, చప్పుడు చేయని కెమెరా, పొడవాటి లెన్సు. ఎండ తెల్లగా కాస్తోంది. నాలుగు కొట్టగానే ఇద్దరూ వచ్చారు.

అమ్మాయి కూర్చోబోతూ ఆగింది. బెంచీకి ఎడమపక్క, ఎవరూ లేని చోటికి చూసి, పరిచయం లేని పెద్దవాళ్ళను చూసి నవ్వినట్టు మర్యాదగా నవ్వింది. యువకుడు మోకాలి మీద కూర్చుని అడుగుతున్నప్పుడు కూడా ఆమె కళ్ళు అతని మీద లేవు. తల పక్కకి వంచి ఏదో విన్నది. విని, ఊ అన్నట్టు తలాడించి, అప్పుడు అతని వైపు తిరిగి చెయ్యి చాపింది.

పిల్లి ఫొటోలు తీస్తూనే ఉంది. కెమెరా దించి ఉత్త కళ్ళతో చూసింది. బెంచీ పక్కన గడ్డి తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చి ఫొటోలు కంప్యూటర్‌లో వేసి, యువకుడి కళ్ళద్దాల దగ్గర పెద్దవి చేసింది. అద్దాల్లో బెంచీ మీది అమ్మాయి చిన్నగా కనబడుతోంది. ఆమె పక్కన ఇంకొకరు నిలబడి ఉన్నారు. భుజాల చుట్టూ ఏదో ఆకుపచ్చ బట్ట. ప్రతి ఫొటోలోనూ అంతే.

"పిన్నీ, ఇలా రా. ఇదేంటో చూడు."

పిన్ని తెరకి ముక్కు ఆనించినంత పని చేసింది. "ఏంటేంటే, నువ్వేగా! అది నేనల్లిన శాలువా. ఇన్నాళ్ళకి కప్పుకున్నావన్నమాట."

పిల్లి వెళ్ళి అల్మారా తెరిచింది. శాలువా కాగితంలోనే ఉంది. పిన్ని కట్టిన దారం ముడి కూడా ఎవరూ విప్పలేదు.

మూడో రోజు యువకుడూ, ఆ అమ్మాయీ ఫొటోల కోసం వచ్చారు. అవి చూడగానే యువకుడి మొహం ముడుచుకుపోయింది. "ఏంటి మేడమ్ ఇది? ఆశ్చర్యం మాట దేవుడెరుగు, అన్నీ పక్కచూపులే!"

"ఆశ్చర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? పక్కనే నిలబడి మేడమ్ చెబుతుంటేనూ," అంది అమ్మాయి.

"ఎవరూ?"

"ఈవిడే. ఆకుపచ్చ శాలువా కప్పుకుని. 'సరే అనమ్మా, ఆ రోజు నేను అనలేకపోయాను' అన్నారు కదండీ?"

యువకుడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అక్కడ మనం తప్ప ఎవరూ లేరు," అన్నాడు మెల్లగా.

పిల్లి పక్కనున్న కుర్చీలో కూర్చుంది. ఇరవై ఏళ్ళ కిందట, ఫొటోలు కడిగే లాబులో పనిచేసే మనిషి అదే పార్కులో ఆమెను ఇదే మాట అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. కెమెరా మొహానికి అడ్డం పెట్టుకుని అతని ఫొటో తీసింది. అతను కాసేపు ఎదురుచూసి, నవ్వి, వెళ్ళిపోయాడు. నెల తిరిగేసరికి ఊరు కూడా వదిలాడు. ఆ సంగతి పిన్నికి సైతం తెలియదు.

మర్నాడు నాలుగింటికి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుంది. కెమెరా తీసుకెళ్ళలేదు. చాలాసేపటికి తోటమాలి పైపు లాక్కుంటూ వచ్చాడు. "ఇద్దరూ కాస్త జరగండమ్మా, తడిసిపోతారు," అన్నాడు.

ఆమె కాళ్ళు పైకి లాక్కుంది. పక్కకి తిరిగి చూడలేదు. అతను నీళ్ళు పెట్టి వెళ్ళాక నేల వైపు చూస్తూ అంది:

"అనాల్సిందే. భయమేసింది."

చుట్టూ గడ్డి నిగనిగలాడుతోంది. ఎడమపక్క మాత్రం రెండు పాదాల మేర నేల పొడిగా ఉంది. ఆమె లేచి, వెనక్కి చూడకుండా గేటు దాకా నడిచింది. పరిగెత్తకూడదని తనకు తాను చెప్పుకుంటూ నడిచింది.

ఇంటికొచ్చి పిన్నికి మొత్తం చెప్పింది. అంతా విని పిన్ని అంది: "ఇరవై ఏళ్ళు కడుపులో దాచుకున్నావటే, పిచ్చిదానా! ఆ శాలువా ఆవిడైనా నోరు విప్పింది, నయం."

ఆ తర్వాత పిల్లి చాటు నుంచి ఫొటోలు తీసే పని ఒప్పుకోలేదు. ఎవరైనా అడిగితే "ఎదురుగా నిలబడి తీస్తాను, ఇష్టమైతే చెప్పండి" అనేది. లాబు మనిషి కోసం తెలిసినవాళ్ళను వాకబు చేసింది. ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ ఇద్దరి పెళ్ళికి ఫొటోలు తీసింది కూడా ఆమే. సందడి కాస్త తగ్గాక పెళ్ళికూతురు దగ్గరికొచ్చి, ఆమె భుజం మీదుగా అటూ ఇటూ వెతికి, చెవిలో అడిగింది.

"ఇవాళ ఒక్కరే వచ్చారా అండీ?"

"ఒక్కదాన్నేనమ్మా."

ఆ మాటకి గుండె మీంచి బరువు దిగినట్టుండాలి. కానీ అయినవాళ్ళనెవర్నో బస్సెక్కించి వచ్చినట్టు దిగులేసింది.