బాపమ్మ కొంగులో పుట్నాలు

మా దుకాణం వెనక వాకిట్లో పగిలిన సీసా పెంకు గుచ్చుకుని నిధి కాలు తెగింది. నేను చూసేసరికి గచ్చు మీద ఎర్రటి అడుగులు. మూడేళ్ల పిల్ల ఏడుస్తూ నా ముందు నుంచే పోయింది. చేతులు చాపలేదు, కాలు చూపించలేదు, నా ముఖమైనా చూడలేదు. నొప్పి పుడితే తల్లి దగ్గరికి రాని పిల్ల ఉంటుందా?

అప్పటిదాకా దాన్ని చూసి మురిసిపోయినవాళ్లమే అందరం. మాది దేవరుప్పులలో విత్తనాలు, ఎరువుల దుకాణం. వచ్చిన రైతులు "సేటు, నీ బిడ్డ బంగారం. గింత నిమ్మళంగ కూసునే పిల్లను యాడ సూడలే" అనేవారు. ఆడపిల్ల నెమ్మదిగా ఉంటే మన దగ్గర అది మంచి గుణం కిందే లెక్క. ఇంకా మాటలు రాలేదని నేను గొణిగితే మా అత్తమ్మ కొట్టిపారేసేది.

"నీ మొగడు గూడ ఐదేండ్లకు మాట్లాడిండు. ఇప్పుడు నోరు మూస్తుండా?"

అట్లని ఆమె ఊరికే కూర్చోలేదు. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. చిలుక కొరికిన జామకాయ తింటే మాటలొస్తాయని కనబడిన తోటల్లా తిరిగి తెచ్చింది. నిధి జామకాయలు ఇష్టంగా తిన్నది. మాటలు మాత్రం రాలేదు.

కాలికి కట్టు కట్టించడానికి జనగామ పోయినప్పుడు పిల్లల డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె పేరు పెట్టి పిలిస్తే నిధి తిరగలేదు. వినికిడి చూసే బెరా టెస్ట్ రాసింది. చెవులు నార్మల్. తర్వాత వరంగల్ పంపితే అక్కడ డాక్టర్ పిల్లను ఆడించి, మమ్మల్ని ఎన్నో అడిగి, ఆటిజం అన్నాడు.

"ఎప్పటికి తగ్గుతది సార్?" అన్నాడు మా ఆయన.

"జ్వరం కాదయ్యా తగ్గనీకి. బిడ్డ తీరే గంత. నేర్పితే నేర్చుకుంటది. బిహేవియరల్ థెరపీ జల్ది మొదలువెట్టుండ్రి."

బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నాకు అంత మర్యాద లేదు. అందరి ముందే వెక్కి వెక్కి ఏడ్చాను.

జనగామలో థెరపీ మొదలైంది. నిధికి నీళ్లు కావాలంటే నీళ్ల బొమ్మ ఉన్న కార్డు తీసి మన చేతిలో పెట్టాలి. పెట్టిన వెంటనే నీళ్లు ఇవ్వాలి. అడిగితే దొరుకుతుందని దానికి తెలియాలి. "అడగందే అమ్మయినా పెట్టదంటరు గద, ఇంట్ల గూడ గట్లనే ఉండాలె" అన్నది థెరపీ మేడం. ఆ మాట ఇంటికొచ్చి చెప్పానో లేదో, మా అత్తమ్మ లేచింది.

"అమ్మ పెట్టకపోతే బాపమ్మ పెడ్తది! నోరులేని పిల్లను నీళ్లకు ఏడిపిస్తరా? ఇదేం సదువే మీది?"

ఆమె కొంగు ముడిలో ఎప్పుడూ పుట్నాలు, బెల్లం ఉండేవి. నిధి వచ్చి ముడి లాగేది, తినేది, పోయేది. ఆమె ముఖం కూడా చూసేది కాదు. పిల్ల ఆకలి అడగకముందే కనిపెట్టడం మా అత్తమ్మకు ప్రేమ. నెలలు గడిచినా కార్డు ముట్టకపోతే మేడం అడిగింది, ఇంట్లో అడగకుండా ఇస్తున్నదెవరని. ఆ సాయంత్రం నేను అత్తమ్మతో గట్టిగానే మాట్లాడాను. ఆమె అలిగి మొగుళ్లపల్లిలో మా ఆడబిడ్డ ఇంటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి రోజులు పగవాళ్లకు కూడా వద్దు. నిధి తన చెయ్యి తానే కొరుక్కునేది, గోడకు తల కొట్టుకునేది. మధ్యలో అత్తమ్మ మంచం దగ్గరికి పోయి నిలబడేది. ఒక పొద్దున నేను గిన్నెలు తోముతుంటే తడి చేతిలో ఏదో పెట్టింది. నీళ్ల కార్డు. చేతులు తుడుచుకోకుండానే గ్లాసు నింపి ఇచ్చాను.

కార్డు ఇచ్చిన సంగతి, మంచం దగ్గర నిలబడే సంగతి విన్న మేడం "బాపమ్మ ఫోటో గూడ కార్డు చేయుండ్రి" అన్నది. ఫోన్‌లో ఉన్న ఫోటో ఒకటి స్టూడియోలో ఇచ్చి లామినేషన్ చేయించాం. మా ఆయన పోయి అత్తమ్మను బతిమాలి తెచ్చాడు. ఆమె అలిగిన మొఖంతోనే మంచం మీద కూర్చుంది. నిధి చాలాసేపు చుట్టూ తిరిగి, ఆ కార్డు తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టింది.

"నన్నే! నన్నే అడిగిందే నా తల్లి!" అత్తమ్మ గబగబా కొంగు ముడి విప్పింది.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరికన్నా కచ్చితంగా ఉన్నది ఆమే. "కార్డు ఇయ్యందే ఇయ్యకుండ్రి" అని వచ్చిన చుట్టాలను కూడా బెదిరించేది. ఆ ముచ్చట ఎక్కువ కాలం చూసుకోలేదు. పోయిన వానాకాలం గుండెనొప్పితో పోయింది.

ఇప్పుడు నిధికి ఆరేళ్లు. బడికి సగం పూట పోతుంది. "నీళ్లు", "వద్దు" అంటుంది. దెబ్బ తగిలితే వచ్చి చూపిస్తుంది. దాని కోసం నేను మొక్కని దేవుడు లేడు. కానీ రోజూ బాపమ్మ కార్డు తెచ్చి నా చేతిలో పెడుతుంది. అడిగితే దొరుకుతుందని నేర్పినవాళ్లం మేమే, ఇప్పుడు ఏం ఇవ్వాలి? కార్డు దాచేద్దామా అంటే మేడం వద్దన్నది. "దాస్తే అడుగుడే తప్పనుకుంటది. లేదని చెప్పుండ్రి, గది గూడ నేర్వాలె" అన్నది.

మీ ఇంట్లో ఇట్లాంటి బిడ్డ ఉంటే ఒక్క మాట. థెరపీ గదిలోకి మొదటి రోజే ఇంటి పెద్దవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి. మీ నోటితో విన్నది వాళ్లకు తిట్టులా ఉంటుంది. కళ్లతో చూస్తే వాళ్లే చేస్తారు. మేమూ అట్ల చేసి ఉంటే, మా అత్తమ్మ అలిగి దూరంగా ఉన్న ఆ రోజులు మాకు మిగిలేవి.

మొన్న నేనే కొంగులో పుట్నాలు ముడేసుకున్నాను. నిధి బాపమ్మ కార్డు ఇవ్వగానే ముడి విప్పి పెట్టాను. అన్నీ తిన్నది. మూతి తుడుచుకుని, కింద పడిన కార్డు తీసి, మళ్లీ నా చేతిలో పెట్టింది.