తుండుగుడ్డ కింది చెయ్యి

నా చిన్నప్పుడు విరుదునగర్ బజారులో అసలు బేరం నోటితో జరిగేది కాదు. పైన తుండుగుడ్డ కప్పి, కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. పక్కన నిలబడ్డవాడికి ఏమీ తెలియకూడదు. మిరపకాయల కొట్టులో పుట్టినవాణ్ణి గనుక అక్షరాలకన్నా ముందు నాకు ఆ వేళ్ళ భాషే వచ్చింది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, గుడ్డ కింద వేళ్ళు. నేనో పెద్ద పండితుణ్ణని నా నమ్మకం.

మా అమ్మకు అన్న, మా పెద్దమామ, జడ్జి. కోవిల్‌పట్టిలో మున్సిఫుగా మొదలై అప్పటికి జిల్లా జడ్జి అయ్యాడు. ఆయన తీర్పులో ఓడినవాళ్ళు కూడా బస్టాండులో కనబడితే దండం పెడతారని చెప్పుకునేవాళ్ళు. గెలిచినవాడు పెడితే సరే, ఓడినవాడెందుకు పెడతాడో నా వ్యాపారబుర్రకు ఎక్కేది కాదు.

ఆ ఏడు మా నాయన, చిన్నాయన కొట్టును రెండుగా పంచుకోవాలనుకున్నారు. వీధివైపు సగం ఇద్దరికీ కావాలి, సందువైపు సగం ఎవరికీ వద్దు. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. చివరికి పెద్దమామ ఎట్లా చెబితే అట్లా వింటామన్నారు. తను చుట్టం గనుక తనను అడక్కూడదని ఆయన ఎంత చెప్పినా చిన్నాయన వినలేదు. "నువ్వే చెప్పాల బావా" అన్నాడు.

మామ వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. నాయన పక్కన చేరి, బజారు అలవాటుగా, భుజం మీది తుండుగుడ్డ ఆయన చేతిమీద కప్పి కింద చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకు ఒకటే అర్థం: ఇది మనిద్దరి మధ్యే. ఇంకేముంది, నేను మనసులో వీధివైపు గల్లాపెట్టె ముందు కూర్చున్నాను కూడా.

మామ ఆ గుడ్డ ఎత్తి, మడిచి, నాయన భుజంమీదే పెట్టాడు. "చేతులు పైనే ఉండనీ బావా. ఏం చెప్పినా నీ తమ్ముడు వినేటట్టు చెప్పు."

నాయన ముఖం పండుమిరపకాయ అయింది. ఇద్దరూ చెప్పుకున్నాక మామ నాయన పక్షంతోనే మొదలుపెట్టాడు. పెద్దవాడు, కొట్టు నిలబెట్టినవాడు అంటూ నాయన మరిచిపోయినవి కూడా కలిపి చెప్పాడు. గెలిచామనుకున్నాను. అంతలో మాట మళ్ళింది. నాయన వారంలో సగం విళాత్తికుళం పల్లెల్లో సరుకు కొంటూ తిరుగుతాడు, ఆయన్ని నమ్మిన రైతు సందులోకైనా వెతుక్కుంటూ వస్తాడు. పొద్దస్తమానం గల్లా దగ్గరుండే తమ్ముణ్ణి సందులో పెడితే ఈగలు తోలుకోవాలి. వీధివైపు చిన్నాయనకే.

ఆ పూట అమ్మ మామకూ నాయనకూ అన్నం వడ్డిస్తూ గరిటెతో గిన్నె అంచుమీద టంగుమనిపించింది. "ఊరికంతా జడ్జివి సరే, నాకు అన్నవి ఎప్పుడవుతావు?"

"ఊరుకో," అన్నాడు నాయన. "నా తరఫున నాకన్నా ఆయనే బాగా మాట్లాడాడు."

ఓడేవాడి మాట ముందెందుకు చెప్పావని నేను అడిగాను. మామ పెరుగన్నం కలుపుకుంటూ, "గెలిచినవాడు చివరిమాటే వింటాడు రా. ఓడినవాడు మొత్తం వింటాడు" అన్నాడు.

మామ హైకోర్టు జడ్జి దాకా ఎదిగి పదవి దిగాక కోవిల్‌పట్టిలో సన్మానం చేశారు. పట్టుశాలువాలన్నీ అయ్యాక నాయన మెల్లగా వేదిక ఎక్కి, తన తుండుగుడ్డ ఆయన భుజాలమీద కప్పి దండం పెట్టాడు.

నేను ఆ సందుకొట్టులోనే పెద్దవాణ్ణయ్యాను. ఈనాటికీ బేరమంటే ఎదుటివాడి కష్టం ముందు నా నోటితో, వాడికన్నా బాగా చెబుతాను. ఆ తర్వాతే నా ధర. ఓడివెళ్ళినవాడు మళ్ళీ నా దగ్గరికే వస్తాడు. నేను చాలా మంచివాణ్ణని బజారులో అనుకుంటారు. ఆ పొరపాటు మాత్రం నేను దిద్దను.