ఇక్కడే చదవవలెను

మా మేనత్తకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపాన్ని ఇంట్లో అందరం నవ్వుతూ భరిస్తాం. ఈసారి మాత్రం నాకు నవ్వు రావడం లేదు, కోపమే వస్తోంది. ఆమె పెద్ద లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేస్తుంది. నేను అక్కడే కౌంటర్లో కూర్చుంటాను.

అత్త పనిచేసే గది మెట్ల కింద ఉంటుంది. కిటికీ లేదు. జిగురు గిన్నె, బ్రష్షులు, పలచని కాగితం చుట్టలు, పుస్తకం మీద బరువు పెట్టడానికి ఇనప దిమ్మెలు, అదీ ఆమె సామ్రాజ్యం. ఆసియా, పసిఫిక్ దేశాల చరిత్ర మీద, మతాల మీద, ఆచారాల మీద పండితులు రాసిన లావుపాటి పుస్తకాలు పై హాలు నిండా ఉండేవి. వాటిలో అట్ట ఊడినా, కుట్టు తెగినా అత్త దగ్గరికి రావాల్సిందే. బాగుచేశాక మొదటి పేజీ మీద ఊదా సిరాతో ముద్ర గుద్దేది: ఇక్కడే చదవవలెను, ఇంటికి ఇవ్వబడదు. ఆ గుద్దుడికి బల్ల అదిరేది. పుస్తకం మీద మోచెయ్యి ఆనించినవాడు ప్రొఫెసరైనా సరే, అత్త చేత అక్షింతలు వేయించుకోవాల్సిందే.

ఆ హాలుకి రోజూ వచ్చేది ఒకే ఒక్కడు. అతన్ని అందరం దీవి తాత అనేవాళ్లం. ఎక్కడో నడిసముద్రంలో ఉన్న దీవి నుంచి చిన్నప్పుడే వచ్చేశాడు, ఓడల్లో ఇంజను దగ్గర పనిచేశాడు, అక్కడే కుడిచేతి వేళ్లు పోగొట్టుకున్నాడు. వాళ్ల దీవి జనం మతం గురించి ఎప్పుడో ఒక పండితుడు రాసిన పుస్తకంలో తాత వాళ్ల అమ్మ పాడే పాట మొత్తం ఉంది. మనిషి పోయే ముందు పక్కన కూర్చుని పాడే పాట అది. అందులో పడవ ఈ ఒడ్డున బయల్దేరి, అలలన్నీ దాటి, పెద్దలున్న ఒడ్డుకి చేరుతుంది. తాత అక్క ఇంట్లో మంచాన పడి, ఆ పాట వినాలని అడిగింది. ఆఖరి ఘడియల్లో పాడేటప్పుడు సగంలో ఆపకూడదట.

పుస్తకం ఇంటికి ఇమ్మని తాత ఎన్నిసార్లు అడిగాడో. అత్త ససేమిరా అంది. పోనీ జెరాక్స్ తీసుకుంటానంటే, బోర్లా నొక్కితే కుట్టు విరుగుతుందని దానికీ ఒప్పుకోలేదు. నేను రాసిస్తానన్నాను. అమ్మ పాట పరాయి చేత రాయించుకోను, నోటికే తెచ్చుకుంటానన్నాడు తాత. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు. రోజూ కొన్ని పంక్తులు కంఠతా పట్టి, దారి పొడుగునా గొణుక్కుంటూ వెళ్లి, అక్కకి వినిపించేవాడు.

ఇలా ఉండగా కొత్త డైరెక్టరు వచ్చాడు. వచ్చీ రాగానే హాల్లో సోఫాలు వెయ్యాలన్నాడు. పదేళ్లలో ఒక్కసారైనా ఎవరూ ఇంటికి తీసుకెళ్లని పుస్తకాలన్నీ తీసెయ్యమని కంప్యూటరుకి చెప్పాడు. ఇంటికి ఇవ్వని పుస్తకాన్ని ఇంటికి ఎవడు తీసుకెళ్తాడు? ఈ మాత్రం ఆలోచన చదువుకున్న ఇంతమందిలో ఒక్కడికీ రాలేదు. సెలవు రోజు చూసి లారీ పిలిపించారు. మర్నాడు మేం వెళ్లేసరికి హాలు గోడలు బోసిగా ఉన్నాయి. అత్త చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే ఆటో ఎక్కి కాగితం మిల్లుకి పరిగెత్తింది. అప్పటికే అంతా నానబోసి గుజ్జు చేసేశారు. ఇంకెక్కడైనా ఆ పుస్తకం దొరుకుతుందేమోనని నేను తెలిసిన లైబ్రరీలన్నిటికీ ఫోన్లు చేశాను. ఎక్కడా లేదు.

తాత మామూలుగానే వచ్చాడు. తన బల్ల ఉండే చోట సోఫా చూసి కూర్చోకుండా నిలబడిపోయాడు. అప్పుడే అటు వచ్చిన డైరెక్టరు, విషయం విని, ఎంతో మర్యాదగా అన్నాడు.

"మీరు ఒక్కసారైనా ఇంటికి తీసుకెళ్లి ఉంటే ఉంచేవాళ్లమండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. అత్త గొంతు హాలంతా వినపడింది.

"అడిగాడు సార్. నా కాళ్లావేళ్లా పడ్డాడు. నేనే ఇవ్వలేదు. ఇవ్వకూడదని మీ లైబ్రరీయే నా చేతికి ముద్ర ఇచ్చింది. ఇవ్వనందుకు నన్ను పొమ్మనాలి గానీ, పుస్తకాన్ని పంపిస్తారా?"

డైరెక్టరు సర్దుకుని, రూలు పాటించడం మంచిదేనని ఆమెని మెచ్చుకుని వెళ్లిపోయాడు. అతను తిట్టి ఉంటే అత్త తట్టుకునేదేమో. మెట్ల కింద గదిలోకి వెళ్లి ఆ ముద్రని సుత్తితో ముక్కలు ముక్కలు చేసింది. ఆపబోతే నన్నూ తిట్టింది.

సాయంత్రం ఇద్దరం తాత ఇంటికి వెళ్లాం. ఒకే గది, మంచం, స్టవ్వు, మందుల సీసాలు. అత్త గుమ్మంలోనే తప్పు తనదేనంది. రూలు కదమ్మా, మీరేం చేస్తారు అన్నాడు తాత. ఆ మాటకి అత్తకి ఏడుపు కాదు, మళ్లీ కోపమే వచ్చింది. నన్ను తిట్టవయ్యా అని అరిచింది. అతను తిట్టలేదు. అక్క ఊపిరి బరువుగా తీస్తోంది, ఎక్కువ సేపు ఉండేలా లేదు. తాత మంచం పక్కన కూర్చుని పాట అందుకున్నాడు. పడవ బయల్దేరింది, మొదటి అల దాటింది, రెండోది దాటింది. అక్కడ ఆగిపోయాడు.

అక్క కళ్లు తెరవకుండానే ఒడ్డు వచ్చిందా అని అడిగింది.

తాత అత్త వైపు తిరిగాడు. "ఆ తర్వాతది పేజీ తిప్పితే ఉంటుందమ్మా. ఆ పుస్తకం బాగుచేసింది మీరే కదా. ఏం రాసి ఉందో చెప్పండి."

అత్త మంచం దగ్గరికి వచ్చి చెప్పింది.

"ఆ పేజీ మూల పురుగు తినేసింది. చిల్లుకి కాగితం అతికించాను. అది గుర్తుంది. ఏం రాసి ఉందో నేను చదవలేదు."

అక్క మళ్లీ అడిగింది, ఒడ్డు వచ్చిందా అని.