డ్యామ్ కింద చుట్టాలు

ముందే చెప్తున్నా, డ్యామ్ తెగలేదు. ఈ సంగతి మొదలుపెట్టగానే అందరూ కళ్ళు పెద్దవి చేసి "తెగిందా?" అంటారు. లేదండీ బాబూ. గోడకి గీత కూడా పడలేదు. పోయింది నా పరువు ఒక్కటే. సరే, టీ తీసుకోండి, చెప్తా.

సూరత్‌లో, అడాజన్ ఏరియాలో మాది చిన్న టిఫిన్ సెంటర్, మీకు తెలిసిందే. ముందు పెనం దగ్గర నేను, వెనకాల మా ఆవిడ పద్మ. పిండి ఆమె రుబ్బుతుంది, చట్నీ ఆమె చేస్తుంది, సాంబార్ ఆమె కాస్తుంది. "వాహ్ సత్యంభాయ్, క్యా సాంబార్ హై" అన్న మెప్పు మాత్రం నాకు వస్తుంది. ఇన్నేళ్ళూ నేను దాన్ని మొహమాటం లేకుండా తీసుకున్నాను. పద్మకి ఉన్నది ఒకటే కోరిక. తనకంటూ ఒక కౌంటర్ ఉండాలి, ముందు తను నిలబడాలి. "వెనుక నిలవడి నిలవడి గోడ నన్ను గుర్తువడ్తది గని, గిరాకీ గుర్తువడ్తలేదు" అంటుంది.

ఆ కౌంటర్ మనుభాయ్ రూపంలో వచ్చింది. ఆయన మాకు రోజువారీ గిరాకీ, రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరల హోల్‌సేల్ వ్యాపారి. మాండ్వీ వైపు ఫామ్‌హౌస్ కట్టుకుని, పక్కనున్న వాగుకి అడ్డంగా ఒక డ్యామ్ కట్టించాడు. డ్యామ్ అంటే మరీ ఎక్కువ ఊహించుకోకండి. రెండు నిలువుల గోడ, దాని వెనక కుంటంత నీళ్ళు, ఆ నీళ్ళలో బాతు ఆకారంలో పెడల్ బోట్లు. ఆదివారాలు సూరత్ నుంచి ఫ్యామిలీలు వస్తాయి, బోట్లు తొక్కుతాయి, తొక్కాక ఆకలవుతుంది. అక్కడ టిఫిన్లు పెట్టమని ఆయనే అడిగాడు. మర్నాటికల్లా పద్మ "పద్మ టిఫిన్స్" అని రేకు బోర్డు రాయించేసింది. నన్ను పేరు అడగనైనా లేదు.

స్థలం నేనే చూశాను. డ్యామ్ గోడకి దిగువన, వాగు ఒడ్డున చదునైన నేల. చింతచెట్ల నీడ, గోడ మీంచి సన్నగా జారే నీళ్ళు, ఫ్రీ ఏసీ! మనుభాయ్ తలూపాడు కానీ ఒక షరతు పెట్టాడు.

"ఇన్సూరెన్స్ వాళ్ళ తరఫున ఇంజనీర్ సాహెబ్ ఆదివారం వస్తున్నాడు. డ్యామ్‌కి సేఫ్టీ రేటింగ్ ఇస్తాడు. పోయినసారి బాగా వచ్చింది. ఈసారి కూడా అలాగే వస్తే కౌంటర్ పక్కా, సత్యంభాయ్."

ఆయన అంతటితో ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు.

మా టిఫిన్ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా హోటల్ తెరిచిన రోజు ఖాళీ టేబుళ్ళు కనపడకూడదు. ఖాళీగా ఉంటే జనం బయట నుంచే చూసి వెళ్ళిపోతారు. అందుకని మనవాళ్ళనే పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టి తినిపిస్తాం. పదిమంది తింటుంటే పదకొండోవాడికి ధైర్యం. అడాజన్ దుకాణం అలాగే నిలబడింది. డ్యామ్‌కి మాత్రం ఎందుకు పనికిరాదు? గోడ కింద అంతమంది హాయిగా కూర్చుని దోసెలు తింటుంటే, ఆ గోడ గట్టిదని వేరే ఎవరైనా చెప్పాలా?

పద్మకి చెప్తే వింతగా చూసింది.

"ఆయన గోడ సూడనీకి వస్తుండు. మన చుట్టాలను సూడనీకి కాదు. నీకెందుకయ్యా గిదంతా?"

"నీకు తెల్వదు. జర ఓపిక పట్టు."

నవాగామ్‌లో మా వాళ్ళందరికీ కబురు పెట్టాను. మగ్గాల పని చేసేవాళ్ళు, వారమంతా ఆ చప్పుడులోనే ఉంటారు. పిక్నిక్, పైగా కడుపునిండా టిఫిన్ అంటే ఎవరు కాదంటారు? టెంపో నిండా వచ్చారు. చాపలు, పేకముక్కలు, పిల్లలు, ఒక చంటిది కూడా. అందరికీ పెద్ద మా రాజవ్వ చిన్నమ్మ. దారిలోనే పాఠం చెప్పాను. "ఎవలన్న అడిగితే ప్రతి ఆదివారం గీడికే వస్తమని చెప్పున్రి. భయమైతలేదా అంటే, అస్సలు లేదనున్రి."

"గింతేనా?" అంది చిన్నమ్మ. "నాకు ఇడిసిపెట్టు బిడ్డా. నేను సూస్కుంట."

నేను అక్కడే జాగ్రత్తపడాల్సింది.

ఇంజనీర్ సాహెబ్ వచ్చాడు. సన్నగా, టోపీ పెట్టుకుని, మాట తక్కువ మనిషి. గోడంతా నడిచి చూశాడు, చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టాడు, నీళ్ళు పొర్లే చోట వంగి ఫోటోలు తీశాడు. "గోడ మంచి కండిషన్‌లో ఉంది" అన్నాడు. మనుభాయ్ మొహం వెలిగింది. అంతా అక్కడితో అయిపోయేదే. కానీ ఆయన ఇటు తిరిగి కిందకి చూశాడు.

కింద మా బలగం. పద్మ తన కొత్త బోర్డు పక్కన పెట్టుకుని దోసెలు పోస్తోంది. కొందరు తింటున్నారు, కొందరు పేకాడుతున్నారు. చింతకొమ్మకి చీర ఉయ్యాల కట్టి చంటిదాన్ని పడుకోబెట్టారు.

"వీళ్ళెవరు?" అన్నాడు సాహెబ్, మెట్లు దిగుతూ.

నేను వేడి దోసె ప్లేటుతో ఎదురెళ్ళాను. "గిరాకీ, సాహెబ్! ప్రతి ఆదివారం ఇంతే రష్. పండగలకి డబుల్!"

"పిల్లలు కూడా?"

"పిల్లలే ఎక్కువ సాహెబ్!"

ఆయన రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను చెప్పేకొద్దీ ఇంకా గబగబా రాస్తున్నాడు. నాకు ఉత్సాహం ఆగలేదు. సాహెబ్ వెనకాల నిలబడి మనుభాయ్ రెండు చేతులూ ఊపుతున్నాడు. ఇంకా చెప్పమంటున్నాడేమో అనుకుని ఇంకా చెప్పాను. ముసలివాళ్ళు కూడా వస్తారన్నాను. పరిగెత్తలేనివాళ్ళు కూడా నిశ్చింతగా కూర్చుంటారన్నాను! ఆ మాట నాకు ఎలా తట్టిందో ఇప్పటికీ తెలీదు.

సాహెబ్ చిన్నమ్మ వైపు తిరిగి, ఇక్కడికి వస్తుంటారా అని హిందీలో అడిగాడు.

"ఆతే క్యా సాహెబ్, హమ్ ఇధరీచ్ రహతే!" అంది చిన్నమ్మ.

వస్తామని కాదు, ఇక్కడే ఉంటామని! పాఠంలో లేని ముక్క.

"రాత్రిపూట కూడానా?"

"రాత్ కో భీ ఇధరీచ్ సోతే! హవా బహుత్ అచ్ఛా!" అని ఉయ్యాల వైపు చెయ్యి చూపించింది, రాత్రి పడుకునేదీ ఇక్కడే అనడానికి సాక్ష్యంగా.

సాహెబ్ పెన్ను ఆగింది. ఉయ్యాలని చూశాడు. ఉయ్యాల నుంచి గోడ దాకా చూశాడు. దోసె ప్లేటు తీసుకుని, చాప మీద కూర్చుని, నెమ్మదిగా విషయం చెప్పాడు. పాపం, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

రేటింగులు రెండుంటాయట. గోడ ఎంత గట్టిగా ఉంది అన్నది ఒకటి. ఒకవేళ తెగితే దిగువన ఎంతమంది పోతారు అన్నది ఇంకొకటి. గోడ ఎంత బాగున్నా రెండోది మారదు. పోయినసారి దిగువన పొదలు, నాలుగు గేదెలు తప్ప ఏమీ లేవు కనక ప్రమాదం అన్నిటికన్నా తక్కువ రకం అని రాశాడు. "ఇప్పుడు ఇక్కడ ఒక ఊరే ఉంది" అన్నాడు. అంటే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ రకం. ఇక సైరన్ పెట్టాలి, ఏటేటా తనిఖీ చేయించాలి, ఇన్సూరెన్స్ మళ్ళీ మొదటినుంచి మాట్లాడుకోవాలి.

"ఊరు కాదు సాహెబ్, మా చుట్టాలు" అని నిజం ఒప్పుకున్నాను.

"చుట్టాలు మునగరా?" అన్నాడు, చట్నీ అద్దుకుంటూ.

మనుభాయ్ పలకరింపుగా అనే "కేమ్ ఛో" కూడా ఆ క్షణం నుంచి బంద్. పద్మ చేతులు కట్టుకుని తన కొత్త బోర్డుని చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ కారనివ్వలేదు. ఆమె నన్ను నాలుగు తిడితే బాగుండేదనిపించింది. నిజంగా సిగ్గేసింది.

చివరికి ఆమే ముందుకొచ్చి, కౌంటర్ పైకి మారిస్తే ఎలా ఉంటుందని అడిగింది. "సాహెబ్, కౌంటర్ ఊపర్ పార్కింగ్ కే పాస్ రఖే తో?"

సాహెబ్ పైకి చూశాడు. పార్కింగ్ గోడకన్నా ఎత్తులో, పక్కగా ఉంది. "అక్కడైతే పర్వాలేదు. కానీ కింద మనిషన్నవాడు కూర్చోకూడదు. తాడు కట్టండి, హెచ్చరిక బోర్డు పెట్టండి. నేను ఫోటో తీసుకుంటే పాత రేటింగే ఉంచుతాను."

తాడు బోట్ల దగ్గర దొరికింది. బోర్డు ఎక్కడ దొరుకుతుంది, ఆ అడవిలో? అందరం ఒకదాని వైపే చూశాం. పద్మ తన బోర్డుని తనే తిప్పి పట్టుకుంది. "రాయి" అంది. బోట్లకి వేసే ఎర్రరంగుతో దాని వెనక నేనే రాశాను: ప్రమాదం, ఇక్కడ కూర్చోరాదు. చింతకొమ్మకి ఎత్తుగా కట్టాం. ఫోటో అయింది. చిన్నమ్మ మాత్రం టెంపో ఎక్కుతూ కూడా, "నేను మంచిగనే చెప్పిన గదరా?" అంటూనే ఉంది.

ఇప్పుడు పార్కింగ్ దగ్గర కౌంటర్ జోరుగా నడుస్తోంది. పద్మ ముందు నిలబడుతుంది, కొత్త బోర్డు, కొత్త పెనం. "వాహ్ పద్మాబెన్" అంటున్నారు. అడాజన్ దుకాణానికి ఆదివారం సెలవిచ్చేశాం. కాకపోతే ఒక చిక్కు. బోట్లలో ఉన్నవాళ్ళకి గోడ మీదుగా ఆ చింతకొమ్మ బోర్డు వెనకవైపు కనిపిస్తుంది, "పద్మ టిఫిన్స్" అని. ఆకలి మీద తాడు దాటి నేరుగా కిందకి దిగుతున్నారు. బోర్డు మారుద్దామంటే, ఫోటోలో ఉన్నది ముట్టుకోవద్దని మనుభాయ్ ఆర్డర్. అందుకని వాళ్ళని పైకి పంపడానికి ఒక మనిషి కింద ఉండాలి. ఎవరో మీరే ఊహించండి. పొద్దున్నించి సాయంత్రం దాకా చింతచెట్టు కింద స్టూలేసుకుని కూర్చుంటున్నాను.

మొన్న ఆదివారం సాహెబ్ మళ్ళీ వచ్చాడు, మాట నిలబెట్టుకున్నామో లేదో చూడ్డానికి. పద్మ చేతి దోసె తింటూ పైనుంచే అడిగాడు, కింద ఎవరైనా కూర్చుంటున్నారా అని. నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. పద్మ దోసె తిప్పుతూ, తలెత్తకుండా చెప్పింది.

"ఎవ్వలు లేరు సాహెబ్. మా ఆయనే."

రేటింగ్ మారలేదు. ప్రమాదం అన్నిటికన్నా తక్కువ రకమే అట.